టార్చ్ వెలుగు వైపు ఒరిగిపోతున్న శీలావతి చేపపిల్లలు: కారణం చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు చేపల చెరువు చేస్తారు. ఈసారి తెచ్చిన శీలావతి సీడ్‌లో కొన్ని పిల్లలు తేడాగా కనిపిస్తే గాజు సీసాలో వేసి చూశాను. పగలు బాగానే ఈదుతున్నాయి. రాత్రి పక్కనుంచి టార్చ్ వేస్తే మాత్రం వీపు వెలుగు వైపు తిప్పి పూర్తిగా వాలిపోతున్నాయి. మిగతావి కొద్దిగానే వంగుతున్నాయి.

నేను చదివినంతలో, చేప లోపలి చెవిలో చిన్న సున్నపు రాళ్లుంటాయి. ఒళ్లు వంగితే రాయి జరిగి, దాని కింది కణాల సన్నని వెంట్రుకలు వంగుతాయి. ఎటు ఒరిగిందో మెదడుకు అలా తెలుస్తుంది. జీబ్రాఫిష్ (ప్రయోగాల్లో ఎక్కువగా వాడే చిన్న చేప) పిల్లల్లో ఈ పని ముఖ్యంగా యుట్రికిల్ అనే భాగానిది. ఏది పైవైపో తెలుసుకోవడానికి పైనుంచి పడే వెలుగు కూడా చేపకు ఆధారమవుతుంది. మరి వీటికి చెవి రాళ్లే సరిగా ఏర్పడలేదా? నీటిలో తేలేందుకు సాయపడే గాలి తిత్తి లోపమేమో అనుకుంటే, ఇవి మునగడమూ లేదు, తేలిపోవడమూ లేదు.

ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా? పాపం, చీకటి పడితే అవి పడే అవస్థ చూడలేకపోతున్నాను. హేచరీల్లో పనిచేసినవాళ్లు, చేపల శాస్త్రం చదివినవాళ్లు దయచేసి చెప్పండి.