ఐ2సి లైన్ ‘లేస్తుందా’, చిప్ దాన్ని ‘లేపుతుందా’?

ప్రశ్న: ఐ2సి అంటే బోర్డు మీది చిప్‌లు రెండు లైన్ల మీద (డేటాకు ఎస్‌డీఏ, క్లాక్‌కు ఎస్‌సీఎల్) మాట్లాడుకునే పద్ధతి. దాని గురించి ఎంబెడెడ్ బోర్డుల పాఠాల్లో “1 పంపడానికి చిప్ ఎస్‌డీఏ లైన్‌ను లేపుతుంది, 0 పంపడానికి దించుతుంది” అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. లేపేది చిప్పే అయినప్పుడు, లైన్‌ను సరఫరా వోల్టేజీకి కలిపే పుల్-అప్ రెసిస్టర్‌తో పనేమిటని విద్యార్థులు అడుగుతున్నారు. ఇక్కడ ఏ క్రియ వాడాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విద్యార్థుల సందేహం న్యాయమైనదే. ‘దించుతుంది’ సరిగ్గా ఉంది, చిక్కంతా ‘లేపుతుంది’తోనే. ఐ2సి పిన్నులు ఓపెన్-డ్రెయిన్ రకానివి కాబట్టి, ప్రతి చిప్‌లోనూ లైన్‌ను గ్రౌండ్‌కు కలిపే ట్రాన్సిస్టర్ ఉంటుందే తప్ప సరఫరా వోల్టేజీకి కలిపేది ఉండదు. చిప్ చేయగలిగినవి రెండే పనులు: దించడం, వదిలేయడం. అందరూ వదిలేశాక రెసిస్టర్ గుండా వచ్చే కరెంటుతో లైన్ లేస్తుంది. ‘లేపు’ సకర్మకం, ‘లేచు’ అకర్మకం. ఈ తేడాను తెలుగు ఒక్క అక్షరంలో చూపిస్తుంటే దాన్ని పోగొట్టుకోవడం దేనికి?

క్లాక్ స్ట్రెచింగ్ (సిద్ధంగా లేని చిప్ క్లాక్‌ను ఆపి ఉంచడం) దగ్గర ఈ తేడా మరింత ముఖ్యం. సంభాషణను నడిపే చిప్, అంటే కంట్రోలర్, ఎస్‌సీఎల్‌ను వదిలినా, డేటా ఇంకా సిద్ధం కాని చిప్ దాన్ని దించిపట్టి ఉంచవచ్చు. అందుకే వదిలిన తరువాత లైన్ నిజంగా లేచిందో లేదో కంట్రోలర్ చూసుకోవాలి. “కంట్రోలర్ లేపింది” అని రాస్తే ఈ ఎదురుచూపుకు అర్థమే ఉండదు.

పైగా లేవడానికి సమయం పడుతుంది. లైన్ మీది కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు, పుల్-అప్ 4.7 కిలో ఓమ్‌లు అనుకుంటే, 30 శాతం వోల్టేజీ నుంచి 70 శాతానికి చేరడానికి 0.8473 × ఆర్ × సి లెక్కన దాదాపు 398 నానోసెకన్లు కావాలి. 100 కిలోహెర్ట్జ్ వేగానికి పరిమితి 1000 నానోసెకన్లు కనుక ఇబ్బంది లేదు. 400 కిలోహెర్ట్జ్‌కు పరిమితి 300 మాత్రమే కనుక అదే బోర్డు అక్కడ నియమం దాటుతుంది. 2.2 కిలో ఓమ్‌లు పెడితే సుమారు 186కు దిగుతుంది.

మరొక జవాబు: పై వివరణతో ఏకీభవిస్తూ ఇంకో మాట చేరుస్తున్నాను. “పెద్ద పుల్-అప్ పెట్టండి” అని రాయకండి. ఓమ్‌లు పెరిగితే పుల్-అప్ బలహీనమవుతుంది కాబట్టి ‘పెద్ద’ అన్నది చదివేవారిని రెండు వైపులా లాగుతుంది. ‘ఓమ్‌లు తగ్గించండి’ అంటే చాలు. ‘పుల్-అప్’ను మాత్రం అలాగే ఉంచండి, ‘ఊర్ధ్వకర్షక నిరోధకం’ అని రాస్తే డేటాషీటులో వెతుక్కునేవారికి దొరకదు.

తగ్గించడానికీ హద్దుంది. లైన్‌ను దించే చిప్ 3 మిల్లీఆంపియర్లు మింగుతూ 0.4 వోల్టుల లోపు ఉంచగలదన్న లెక్కన, 3.3 వోల్టుల బస్‌కు (ఈ లైన్ల జతకు) కనీసం 967 ఓమ్‌లు, 5 వోల్టులకు 1533 ఓమ్‌లు ఉండాలి. మాడ్యూళ్ల మీద ముందే అతికించి ఉన్న రెసిస్టర్లు సమాంతరంగా కలుస్తాయన్న సంగతి ఇక్కడే చాలామంది మరిచిపోతారు. 4.7 కిలో ఓమ్‌లవి నాలుగు కలిస్తే 1175 ఓమ్‌లే మిగులుతాయి. అది 3.3 వోల్టులకు చెల్లుతుంది, 5 వోల్టులకు చెల్లదు. అప్పుడు కొన్ని మాడ్యూళ్ల మీది రెసిస్టర్లను తీసేయాలి, లేదా వాటి జంపర్లను విడదీయాలి.

సాఫ్ట్‌వేర్‌లో ‘ఎనేబుల్’ చేసే లోపలి పుల్-అప్‌ను నమ్ముకోవడం మరో పొరపాటు. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్‌లో అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. 20 కిలో ఓమ్‌లే అనుకున్నా, పైన చెప్పిన 100 పికోఫారడ్లకు దాదాపు 1695 నానోసెకన్లు పడుతుంది కనుక 100 కిలోహెర్ట్జ్ పరిమితికి కూడా సరిపోదు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. అయితే ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే మరో పద్ధతి) పాఠంలోనూ ‘లేపుతుంది’ని మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఎస్‌పీఐ క్లాక్, డేటా పిన్నులు పుష్-పుల్ రకానివి కాబట్టి చిప్ లేపుతుంది, దించుతుంది కూడా. ఏ చిప్‌ను పిలుస్తున్నామో దించి చెప్పే చిప్ సెలెక్ట్ లైన్‌కు పెట్టే పుల్-అప్ విషయంలో మాత్రం ‘నిలిపి ఉంచుతుంది’ అని రాయండి. రీసెట్ సమయంలో మైక్రోకంట్రోలర్ పిన్నులు లైన్‌ను ఎటూ లాగని ఇన్‌పుట్లుగా తేలిపోతున్నప్పుడు, ఫ్లాష్ మెమరీ చిప్ తనను పిలిచారని పొరబడకుండా ఆ లైన్‌ను హైలో పట్టి ఉంచడమే దాని పని.