మైక్ రాస్‌కి లైసెన్స్ ఇవ్వడం న్యాయమేనా? (సూట్స్ ఆరో సీజన్ చివరిదాకా కథ చెప్పేస్తున్నాం, చూడనివాళ్లు జాగ్రత్త)

సీతమ్మధార అడ్వకేట్:

అమెరికన్ లాయర్ల సీరియల్ సూట్స్ ఆరో సీజన్ ముగింపు చూసి మన వైజాగ్ వాళ్లంతా పండగ చేసుకుంటున్నారు. నాకు మాత్రం అది మింగుడు పడలేదు.

మధ్యలో వదిలేసినవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. మైక్ రాస్ ఒక్కసారి చదివితే మర్చిపోడు. కానీ లా చదవలేదు, మామూలు డిగ్రీ కూడా పూర్తి కాకుండానే కాలేజీ వాళ్లు పంపేశారు. న్యూయార్క్‌లో పేరున్న లాయర్ హార్వీ స్పెక్టర్ అంతా తెలిసే అతన్ని తన లా ఫర్మ్‌లో పెట్టుకుంటాడు. ఆ ఫర్మ్ హార్వర్డ్ వాళ్లని తప్ప తీసుకోదు కాబట్టి హార్వర్డ్‌లో చదివానని అబద్ధం. ఐదో సీజన్‌లో దొరికిపోతాడు. జ్యూరీ తీర్పు చెప్పకముందే ప్రాసిక్యూటర్ అనీటా గిబ్స్‌తో ఒప్పందానికి వచ్చి నేరం ఒప్పుకుంటాడు. రెండేళ్ల జైలు తనకి, ఫర్మ్‌లో మిగతావాళ్ల మీద కేసులు ఉండవు. ఆరో సీజన్‌లో గడువుకి ముందే విడుదలై, చివరి ఎపిసోడ్‌లో బార్ కమిటీ ముందు నిలబడతాడు. ఒకప్పుడు ఆ ఫర్మ్‌ని నడిపిన జెస్సికా పియర్సన్ వచ్చి అతని అబద్ధం తనకీ తెలుసని ఒప్పుకుంటుంది. కమిటీ మైక్‌ని లాయర్‌గా చేర్చుకుంటుంది.

ఇది సరైన ముగింపేనా? కాదని నా వాదన. మీరేమంటారు?

గాజువాక ఫ్యాన్:

మేడమ్, అసలు అతను ఎవరికి అన్యాయం చేశాడు? క్లయింట్లని గెలిపించాడు. డిగ్రీలు గోడకి తగిలించుకున్న లాయర్లకి తట్టని పాయింట్లు అతనికి తట్టాయి. జ్యూరీ నిర్దోషి అనే చెప్పబోయిందని తర్వాత మనకి తెలుస్తుంది. ఇంకాస్త ఓపిక పడితే దర్జాగా బయటికి నడిచి వచ్చేవాడు. అయినా హార్వీ, జెస్సికా, అదే ఫర్మ్ లాయర్ లూయిస్ తన వల్ల లోపలికి పోకూడదని జైలుకెళ్లాడు. శిక్ష పడింది, అనుభవించాడు. ఇంకా ఎందుకు వెంటాడాలి?

సబ్బవరం లా స్టూడెంట్:

అక్కా, నేను ఇక్కడ నేషనల్ లా యూనివర్సిటీలో చదువుతున్నాను. మన చట్టం కూడా శిక్ష పడినవాళ్ల మీద మరీ అంత కఠినంగా లేదు. 1961 అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 24ఎ ప్రకారం నైతికంగా హేయమైన నేరంలో శిక్ష పడినవాళ్లని, లాయర్లని నమోదు చేసే బార్ కౌన్సిల్ చేర్చుకోదు. నిజమే. కానీ విడుదలైన రెండేళ్లకి ఆ అనర్హత తొలగిపోతుంది. మనిషి మారతాడని చట్టమే నమ్ముతోంది. అర్హత లేకుండా ప్రాక్టీస్ చేసినవాళ్లకి సెక్షన్ 45 కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలలే. వేరే మనిషినని చెప్పి మోసం చేస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఐదేళ్ల దాకా ఉంది, అది వేరే కేసు. మొత్తానికి తలుపు శాశ్వతంగా మూయలేదు కదా?

సీతమ్మధార అడ్వకేట్:

తమ్ముడూ, 24ఎ బాగా పట్టుకున్నావు. దాని ముందున్న 24 కూడా చదువు. బార్ కౌన్సిల్ గుర్తించిన లా డిగ్రీ ఉండాలి అన్నది అక్కడే ఉంది. రెండేళ్లు గడిస్తే శిక్ష వల్ల వచ్చిన అడ్డు పోతుంది. డిగ్రీ మాత్రం దానంతట అది రాదు. మైక్ మన దగ్గర రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు ఆగినా అర్హుడు కాడు, చదివితే తప్ప. న్యూయార్క్‌లో లాయర్ ఆఫీసులో పని చేస్తూ నేర్చుకునే దారి ఒకటుంది గానీ, దానికీ ముందు కనీసం ఒక ఏడాది లా స్కూల్లో చదివి ఉండాలి. రచయితలు ఈ అడ్డంకిని కమిటీ గదిలో కన్నీళ్లతో దాటించేశారు.

గాజువాక గారూ, ఎవరికి అన్యాయం చేశాడని అడిగారు. మా సీనియర్ గారి ఆఫీసులో రోజూ చూసేదే చెప్తాను. ఆనందపురం వైపు నుంచి భూమి తగాదా మీద ఒక పెద్దాయన వస్తాడు. సంచిలో పాస్‌బుక్కు, పాత దస్తావేజు జిరాక్సులు, ముడుచుకుపోయిన పన్ను రసీదులు. గుమస్తా వకాలతు ముందు పెట్టి వేలితో చోటు చూపిస్తాడు. ఆయన అందులో ఒక్క ముక్క చదవడు. బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద అద్ది ముద్ర వేసి, వేలు తలకి రాసుకుని తుడుచుకుంటాడు. కింద వెల్ఫేర్ స్టాంపు, లాయర్ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు. ఆ ముద్రతో ఆయన తన తరఫున మాట్లాడే హక్కు, రాజీ పడే హక్కు, డబ్బు తీసుకునే హక్కు కూడా ఇచ్చేస్తున్నాడు. ఆ నంబరు వెనకాల ఎవరో పరీక్షించి ఒప్పుకున్న మనిషి ఉన్నాడనే ధైర్యంతో ఇస్తున్నాడు. తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి బార్ కౌన్సిల్ ఉంది, సెక్షన్ 35 కింద క్రమశిక్షణ చర్య ఉంది.

మైక్ క్లయింట్లకి ఆ రక్షణ లేదు. లేదన్న సంగతి వాళ్లకి తెలియదు. గెలిచారా ఓడారా అన్నది తర్వాతి మాట. తెలిస్తే వాళ్లు ఒప్పుకునేవారా అని ఎవరూ అడగలేదు. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది.

ఎంవీపీ కాలనీ, రిటైర్డ్ బెంచ్ క్లర్క్:

అమ్మా, ముందు ఆ జ్యూరీ సంగతి. 1959లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. జడ్జి ఆ తీర్పుతో ఏకీభవించక హైకోర్టుకి పంపారు, అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. కాబట్టి మైక్‌ని జ్యూరీ వదిలేసేది కదా అన్న వాదనలో పస లేదు. వదిలేసినంత మాత్రాన చేసింది చేయనట్టు కాదు.

కానీ మీ క్లయింట్ల వాదన మీద నాకో సందేహం. 1981లో గోకరాజు రంగరాజు కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకి వెళ్లింది. కొందరు సెషన్స్ జడ్జీల నియామకం చెల్లదని కొట్టేశారు. మరి అప్పటిదాకా వాళ్లిచ్చిన తీర్పుల మాటేమిటి? అవి చెల్లుతాయని జస్టిస్ చిన్నపరెడ్డి రాశారు. లేకపోతే ఎన్ని కాపురాలు, ఎన్ని ఆస్తులు తలకిందులవుతాయి! నియామకంలో లోపం ఉన్న జడ్జి తీర్పే నిలబడినప్పుడు, డిగ్రీ లేని లాయర్ గెలిచిన కేసు ఎందుకు నిలబడకూడదు?

సీతమ్మధార అడ్వకేట్:

బాబాయ్ గారూ, ఆ కేసు ప్రస్తావించినందుకు చాలా సంతోషం. తీర్పులు నిలబడాలి, అందులో నాకు గొడవ లేదు. మైక్ గెలిపించిన కేసులు తిరగదోడమని నేను అడగడం లేదు. కానీ ఆ సూత్రం జనం కోసం పెట్టింది, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం కాదు. పైగా ఆ జడ్జీలు దొంగ సర్టిఫికెట్ తెచ్చి కూర్చోలేదు, నియామకం జరిగిన తీరులో లోపం. మైక్ తెలిసి చేశాడు, ఏళ్ల తరబడి చేశాడు. హార్వర్డ్ కంప్యూటర్లోకి తన రికార్డు ఎక్కించేదాకా వెళ్లాడు.

ఇది మనకి దూరపు సంగతి కూడా కాదు. నకిలీ సర్టిఫికెట్లతో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లని ఏరివేయడానికి దేశం మొత్తంలో లాయర్ల డిగ్రీలు పరిశీలించమని 2023లో సుప్రీంకోర్టు తన మాజీ న్యాయమూర్తి దీపక్ గుప్తా గారి నేతృత్వంలో కమిటీ వేసింది. నా సర్టిఫికెట్లు కూడా ఆ పరిశీలనకి ఇచ్చినవాటిలోవే.

గాజువాక ఫ్యాన్:

సరే మేడమ్, క్లయింట్ల మాట బలమైనదే. కానీ ఆరో సీజన్ మొదట్లో పాత క్లయింట్లు ఫర్మ్ మీద దావా వేశారు కదా, కథ వాళ్లని మర్చిపోలేదు. మైక్ ప్రేమించిన రేచల్ కూడా క్షమించింది. అందరికంటే ఎక్కువ మోసపోయింది ఆ అమ్మాయే.

సీతమ్మధార అడ్వకేట్:

ఆ దావాని కథ ఎలా నడిపిందో మళ్లీ చూడండి. ఫర్మ్ మునుగుతుందా తేలుతుందా అన్న టెన్షనే తప్ప, దావా వేసినవాళ్ల ముఖాలు మనకి గుర్తుండవు.

రేచల్ పేరు మీరే తెచ్చారు. ఆ సీరియల్లో నాకు నిజమైన లాయర్ కథ అంటే ఆమెదే. పరీక్ష అంటే చేతులు చల్లబడే మనిషి. అదే ఫర్మ్‌లో లాయర్లకి సాయం చేసే పారాలీగల్‌గా పని చేస్తూ ఎంట్రన్స్ కోసం కష్టపడింది. రెండో సీజన్ చివర్లో హార్వర్డ్ సీటు ఇవ్వదు. ఆమె కుంగిపోయి ఉన్నప్పుడే మైక్ వచ్చి, నేను అసలు హార్వర్డ్‌కి వెళ్లనే లేదని చెప్తాడు. ఆమె లాగి కొడుతుంది. ఆ చెంపదెబ్బ తనకి చెప్పిన అబద్ధానికి మాత్రమే కాదు, దొడ్డిదారిన వచ్చినవాడు తన ముందు వరసలో నిలబడినందుకు. తర్వాత ఆమె ఉద్యోగం చేస్తూనే కొలంబియాలో లా చదివింది. అదే ఫర్మ్, అదే ఊరు. మైక్‌కీ ఆ దారి తెరిచే ఉంది.

ఆమె క్షమించింది తన తరఫున. క్లయింట్ల తరఫున క్షమించే వకాలతు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

సబ్బవరం లా స్టూడెంట్:

అయితే ఏం చేసి ఉంటే మీరు ఒప్పుకునేవారు అక్కా? జైలుకెళ్లినవాడు ఎప్పటికీ నల్లకోటు వేయకూడదా?

సీతమ్మధార అడ్వకేట్:

వేయొచ్చు. ముందు చదవాలి. జైలు నుంచి వచ్చి పేదల లీగల్ క్లినిక్‌లో పని చేశాడు చూడండి, ఆ ఎపిసోడ్లు నాకు చాలా నచ్చాయి. లాయర్‌నని చెప్పుకోకుండా పని చేసిన మైక్ అక్కడే కనపడ్డాడు. అలా పగలు క్లినిక్, సాయంత్రం కాలేజీ అని ఒక సీజన్ నడిపి, పాత క్లయింట్లలో ఒక్కరి ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే, కమిటీ ముందు నిలబడిన రోజున నేనూ మీతో పాటు చప్పట్లు కొట్టేదాన్ని.

గాజువాక ఫ్యాన్:

చదువు విషయంలో మీతో ఒప్పుకుంటున్నాను మేడమ్. మిగతాదానికి నాది పాత మాటే. స్నేహితుల కోసం జైలుకెళ్లినవాడి గుణం ఏమిటో తేల్చడానికి కమిటీకి అంతకంటే రుజువు అక్కర్లేదు. మీరు ఏడో సీజన్ మొదలుపెట్టండి, ఫర్మ్‌లో మళ్లీ చేరాక క్లినిక్ కేసుల కోసం అతను హార్వీతో ఎలా పేచీ పడతాడో చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.