కరాటే మాన్పించి ఎంఎంఏలో చేర్పించాలా?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి): మావాడికి బ్రౌన్ బెల్ట్ వచ్చింది. ఇప్పుడు యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఎంఎంఏ పోటీలు) వీడియోలు చూసి, "కటాలు (ఎదుట మనిషి లేకుండా చేసే కరాటే కదలికల వరుసలు) డ్యాన్సే నాయనా, ఫైట్‌లో పనికిరావు" అంటున్నాడు. ఇన్నేళ్లు ఫీజు కట్టింది నేను, టెన్షనూ నాకే. ఏం చేయమంటారు?

జవాబు: ఈ గోల 1993లో డెన్వర్‌లో మొదలైందన్నా. తొలి యూఎఫ్‌సీలో జియుజిత్సు (కింద పడేసి పట్లు పట్టి లొంగదీసే విద్య) నేర్చిన బక్కపలచని రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. నిలబడి కొట్టడమే తెలిసినవాడు కిందపడితే పని అయిపోయినట్టేనని లోకానికి అర్థమైంది. జియుజిత్సు క్లాసులకు గిరాకీ పెరిగింది.

జవాబు: అట్లని కరాటేని తీసిపారేయొద్దు సామీ. లయోటో మచిడా షోటోకాన్ కరాటేవాడే, 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ చాంపియన్. దూరంగా నిలబడి ఊరిస్తాడు, ఎదుటివాడు అడుగేయగానే గుద్దుతాడు. ఒకసారి క్లాసుకు పోయి చూడండి. స్పారింగ్ (జతగాడితో ప్రాక్టీసు ఫైటు) లేకుండా గాల్లో గుద్దిస్తూ బెల్టు టెస్టుకు మాత్రం డబ్బులడిగితే మాన్పించేయండి.

జవాబు (చిత్తూరు): మా తాత కర్రసాము నేర్పేవాడు. జతగాడి కర్ర నిజంగానే తగిలేది, మెటికలు వాచేవి. ఇప్పుడు స్టేజీ మీద తిప్పడానికే నేర్పుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, అంతే.

ప్రశ్న అడిగినాయన: ఆదివారం పోయి కూర్చుంటా. ఇంతకీ తిరుపతిలో ఎంఎంఏ ఫీజు ఎంతుంటుంది?