కొవ్వు ముందు తింటే షుగర్ తగ్గుతుందా, వాయిదా పడుతుందా?

పాలపిట్ట:
పిండిపదార్థాలకు ముందు కాస్త నూనె తీసుకుంటే భోజనం తర్వాత షుగర్ అంతగా పెరగదని చదివాను. కొవ్వు తగలగానే పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయట, అది కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుందట. మరి డయాబెటిస్ ఉన్నవాళ్లని నూనె తగ్గించమంటారెందుకు? నూనే మందు కదా!

మూడోకన్ను:
మొదటి సగం నిజమేనండి. కాకపోతే కొవ్వు అరగాలి. లైపేజ్ ఎంజైమ్ దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టాకే పేగు గోడలోని ఎల్ కణాలు పసిగట్టి జీఎల్‌పీ-1 వదులుతాయి. చిన్నపేగు పైభాగంలో కె కణాలుంటాయి, అవి వదిలేది జీఐపీ, అదీ ఇన్సులిన్‌ను కదిలించే హార్మోనే. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ ఈ లైపేజ్‌నే అడ్డుకుంటుంది. కొవ్వున్న భోజనంతో అది ఇచ్చి చూస్తే జీఎల్‌పీ-1 తగ్గింది, కడుపు త్వరగా ఖాళీ అయింది, షుగర్ పెరిగింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పాలపిట్ట:
నేనన్నదీ అదేగా!

చెట్టుకింద:
ఆగండాగండి. కడుపు నెమ్మదించినంత మాత్రాన గ్లూకోజ్ ఎక్కడికీ పోదు, ఆలస్యంగా వస్తుందంతే. నాకు టైప్ 1. కొవ్వు ఎక్కువ తిన్న రోజు రెండో గంట రీడింగ్ చూసి సంబరపడతాను, ఐదో గంటకి మీటర్ వెక్కిరిస్తుంది. పైగా రక్తంలో పెరిగిన కొవ్వు ఆమ్లాలు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు.

మూడోకన్ను:
మీ లెక్క వేరండి. గ్లూకోజ్ పెరిగినప్పుడు జీఎల్‌పీ-1 క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. టైప్ 1లో వదలడానికి ఇన్సులినే దాదాపు ఉండదు. టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది గానీ లేటుగా కదులుతుంది, అందుకే అక్కడ వాయిదా కూడా లాభమే. జీఐపీ మాత్రం వాళ్లలో ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించలేదు, అది ఒప్పుకోవాలి.

ఇక "నూనే మందు" అన్నారు, అది కుదరదు. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1ని డీపీపీ-4 ఎంజైమ్ రెండు నిమిషాల్లోనే సగానికి తెస్తుంది. జీఎల్‌పీ-1లా పనిచేసేలా తయారుచేసి ఇంజెక్షన్‌గా ఇచ్చే సెమాగ్లూటైడ్ మందు సగానికి రావడానికి వారం పడుతుంది. రెంటికీ పోలికే లేదు. రెండు టేబుల్‌స్పూన్ల నూనె అంటే దాదాపు 240 కేలరీలు, రోజూ అదనంగా పోసుకుంటే బరువు పెరగరూ?

పాలపిట్ట:
సరే, అదనంగా వద్దు. భోజనంలో ఎలాగూ ఉండే కొవ్వునే ముందుకు జరిపితే?

చెట్టుకింద:
దానికి నాకు అభ్యంతరం లేదు. మీటర్‌ను మాత్రం రెండో గంటకే పక్కన పెట్టేయకండి, నాలుగో గంటకీ ఒకసారి చూడండి.