పెద్దవాళ్లకు విడిగా తెర కావాలా, అందరి తెరనే సరిచేయాలా?

గీతలబల్ల: యాప్‌ల తెరలు రూపొందించడం నా పని. డెబ్బై దాటినవారి కోసం పెద్ద అక్షరాలు, నాలుగే బటన్లతో ‘సులభ విధానం’ విడిగా పెడదామని మా బృందంలో కొందరి పట్టు. అందరికీ ఒకే తెర చాలన్నది నా వాదన. మీరేమంటారు?

గడియారం ముల్లు: విడిగానే ఉండాలి. మా నాన్నగారికి 76 ఏళ్లు. పదహారు బొమ్మలు కనబడితే ఫోను పక్కన పెట్టేస్తారు, నాలుగే ఉంటే వాడతారు. ఇందులో సిద్ధాంతాలెందుకు?

గీతలబల్ల: ఆ నాలుగూ ఏవో తేల్చేది మేమే కదండీ. ఐదోదానితో ఆయనకు అవసరం పడితే?

మెత్తని వేలు: ఇద్దరూ చూపు గురించే మాట్లాడుతున్నారు. వేలి సంగతి చూడండి. మా అమ్మ బటన్‌ను కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా అదిమిపెట్టి ఉంచుతుంది. దాదాపు అర సెకను దాటిందంటే ఫోను దాన్ని వేరే ఆజ్ఞగా తీసుకుంటుంది. బొమ్మ కదలడం మొదలవుతుంది. అమ్మ కంగారుపడి చెయ్యి లాగుతుంది, బొమ్మ ఇంకెక్కడికో జారిపోతుంది. “నేనే ఏదో పాడుచేశాను” అంటుంది. బటన్ అరచేయంత ఉన్నా ఇదే జరుగుతుంది.

పైగా ఈ తెరలు గుర్తించేది ఒత్తిడిని కాదు, వేలు తగిలినప్పుడు విద్యుదావేశంలో వచ్చే మార్పును. వయసుతో చర్మం పొడిబారితే ఆ మార్పు సరిగా అందకపోవచ్చు. అందలేదని ఇంకా గట్టిగా, ఇంకాసేపు నొక్కుతారు. కథ మళ్లీ మొదటికే. ఆ అర సెకను వ్యవధిని పెంచుకునే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. కానీ సెట్టింగుల్లో ఎక్కడో లోపల! అక్కడిదాకా వెళ్లగలిగినవాళ్లకు అది అక్కర్లేదు.

గడియారం ముల్లు: అయితే నేనన్నదే నిజం. దాన్ని సులభ విధానంలో ముందే పెట్టేస్తే సరి.

మెత్తని వేలు: చేయి వణికే ముప్పై ఏళ్లవాడు ఏం చేయాలి? ‘పెద్దల కోసం’ అన్నది నొక్కాలా?

గీతలబల్ల: నా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే, 2023లో వచ్చిన ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.2, తాకే చోటు సాధారణంగా కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలంటాయి. ఆండ్రాయిడ్ సలహా 48 డీపీలు (తెర మీది సైజులకు వాడే కొలత), అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. మేము 24 దగ్గర ఆగి ‘పాసయ్యాం’ అనుకున్నాం. ఒకే తెర చాలని వాదించేవాడు ఆ తెరనైనా సరిగా చేయాలి కదా.

గడియారం ముల్లు: నిన్న రాత్రి నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. ఆ నాలుగు బొమ్మల విధానంలోనూ వెనక్కి వెళ్లే బాణం లేదు. అంచు నుంచి వేలితో జరపాలట, ఆ మాట తెర మీద ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ ఆయన లోపల ఇరుక్కున్నప్పుడల్లా ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేస్తున్నారు.