ఇప్ప చెక్క చేపల మేతలో కలపొచ్చా? రేపటి నుంచి వేద్దామనుకుంటున్నాం

గుణుపురం నుంచి:
అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. మా మహిళా సంఘంలో పది మందిమి కలిసి పంచాయతీ చెరువు లీజుకి తీసుకున్నాం. అర ఎకరం ఉంటుంది, ఛాతీ లోతు నీళ్లు. వానల్లో బొచ్చె, శీలావతి, మోసు కలిపి 1500 పిల్లలు వదిలాం. మొన్న వల లాగితే ఒక్కోటి 150 గ్రాములు తూగాయి. ఇన్నాళ్లూ ఉత్త తవుడే చల్లుతున్నాం. కంపెనీ మేత కొనే శక్తి మాకు లేదు. పక్క సవర పల్లెల్లో ఇప్ప గింజల నూనె తీశాక చెక్క చాలా చవగ్గా ఇస్తున్నారు. వేరుశనగ చెక్క లాగే ఉంది కదా, తవుడులో సగానికి సగం కలిపేద్దామని అనుకున్నాం. రెండు బస్తాలు తెచ్చి వరండాలో పెట్టాం కూడా. ఎవరైనా వాడారా?

పర్లాకిమిడి నుంచి:
చెల్లెమ్మా, ఆ బస్తాలు చెరువు గట్టు మీదకి కూడా తీసుకెళ్లొద్దు. ఇప్ప చెక్కలో సపోనిన్ ఉంటుంది, అది చేపకి విషం. మొప్పల్లోంచి రక్తంలోకి పోయి రక్తకణాల్ని పగలగొడుతుంది.

నేను చేతులు కాల్చుకున్నవాడిని. మా ఇంటి వెనక పది సెంట్ల కుంట ఉంది, నడుం పైకి నీళ్లు. ఎరువుగా పనికొస్తుందని ఎవరో అంటే రెండు బస్తాలు నానబెట్టి పోసేశాను. పొద్దు ఎక్కకుండానే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. కొన్ని పక్కకి ఒరిగి గుండ్రంగా తిరుగుతున్నాయి. బొచ్చెలు ముందు పోయాయి. మా అమ్మ గట్టు మీద కూలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేను.

ఎవరో చెప్పింది అబద్ధం కాదు, వేళ తప్పు. ఇప్ప చెక్క వాడేది పిల్లలు వదలకముందు. కొరమీను, జెల్ల లాంటి పిల్లల్ని తినేసే చేపల్ని చంపడానికి హెక్టారుకి 2500 కిలోలు వేస్తారు. మీ అర ఎకరానికి సుమారు 500 కిలోలు. విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత అదే ఎరువవుతుంది. కాబట్టి మీ బస్తాలు పారేయొద్దు. ఎండబెట్టి మూటగట్టి వచ్చే ఏడాదికి దాచండి.

ఇక మేత. మీ దగ్గర ఇప్ప కంటే మంచి సరుకు ఉంది, వలిసెలు! రాయగడ, కోరాపుట్ కొండల్లో పండేవే. గానుగ దగ్గర వలిస చెక్క అడగండి. మాంసకృత్తులు 30 శాతం దాకా ఉంటాయి. వేరుశనగ చెక్కలో 40 శాతం, తవుడులో 12 శాతం అని లెక్కేసుకోండి. వంద కిలోలకి తవుడు 50, వేరుశనగ చెక్క 30, వలిస చెక్క 20 కలిపితే మాంసకృత్తులు 24 శాతం వస్తాయి. చెరువులో పచ్చదనం ఉంటే బొచ్చె, శీలావతికి అది చాలు. పిడికెడు ఉప్పు కూడా వేయండి.

చెక్క రాత్రి నానబెట్టి, పొద్దున తవుడుతో ముద్ద కాకుండా పొడిపొడిగా కలపండి. చల్లొద్దు, సగం అడుగున బురదలో పోతుంది. ఖాళీ ఎరువు సంచులు బాగా ఉతికి, కింది భాగంలో రెండు వరసల చిల్లులు పెట్టి, మేత నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకి నీళ్లలో మునిగేలా కట్టండి. కొల్లేటి వైపు రైతులు పద్ధతిగా చేసేది ఇదే. మీకు ఐదు సంచులు చాలు. ఇప్పుడు చేపల బరువు మొత్తం 200 కిలోలనుకుంటే రోజుకి నాలుగైదు కిలోల మేత. మూడు గంటల తర్వాత సంచి తడిమి చూడండి, మిగిలి ఉంటే మర్నాడు తగ్గించండి. మబ్బు పట్టిన రోజు సగమే వేయండి.

బరంపురం నుంచి:
అన్న చెప్పింది నిజం. నాదొక మాట. వేరుశనగ చెక్క కొనేటప్పుడు విరిచి లోపల చూడండి. పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా, ముక్కవాసన వచ్చినా ఎంత చవకైనా వద్దు, ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం చేప కాలేయాన్ని తినేస్తుంది. గోపాల్‌పూర్ రేవు వైపు చిన్న ఎండు చేపల తుక్కు దొరుకుతుంది, తవుడు ఐదు కిలోలు తగ్గించి అది వేస్తే పెరుగుదల బాగుంటుంది. ఉప్పు పట్టించినది మాత్రం తీసుకోకండి, ఇసుక ఉంటే జల్లించండి.

గుణుపురం నుంచి:
అన్నలూ, చేతులెత్తి దణ్ణం. రాత్రే అందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు నమ్మలేదు, అందుకని బకెట్లో నాలుగు చిన్న చేపలు వేసి, గుప్పెడు ఇప్ప చెక్క నానబెట్టిన నీళ్లు పోశాం. పావుగంటలో పైకొచ్చేశాయి. ఇక ఎవరూ మాట్లాడలేదు. వలిస చెక్క సంత రోజు తెస్తాం. సంచుల చిల్లులు ఎంత లావు పెట్టాలి?

పర్లాకిమిడి నుంచి:
చిటికెన వేలు పట్టేంత. అంతకంటే పెద్దవైతే తవుడు జారిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు చేపలు సంచి దగ్గరకి రాకపోవచ్చు, కంగారుపడకండి. రోజూ ఒకే వేళకి, ఒకే చోట కట్టండి.