స్కూలుకి ఫోన్ తేవొద్దంటన్నారు, బస్సులో వెళ్లే పిల్లల సంగతేటి?

చీపురుపల్లి నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి, విజయనగరంలో ప్రైవేట్ స్కూలు, రోజూ ఇక్కడి నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్లొస్తాది. మొన్న పేరెంట్స్ మీటింగులో ఇకమీదట ఫోన్ గేటు దాటి లోపలికి రాకూడదు, దొరికితే పరీక్షలయ్యేదాకా ఇవ్వం అని చెప్పీసారు. క్లాసులో ఫోన్ వద్దంటే నాకేటీ అభ్యంతరం లేదు, కానీ స్టడీ అవరయ్యేసరికి చీకటి పడిపోతాది, కాంప్లెక్సులో బస్సు లేటయితే ఇంటికి ఎలా చెప్తాది? పైగా హోంవర్కంతా రాత్రి వాట్సాప్ గ్రూపులోనే పెడతారు, అదేటో మరి. మీ పిల్లల స్కూళ్లలో ఎలా చేస్తన్నారు?

బడి పంతులు:
శ్రీకాకుళం జిల్లా, గవర్నమెంటు హైస్కూలు. మాకిది కొత్త కాదండీ, 2023 ఆగస్టులోనే రాష్ట్ర విద్యాశాఖ పిల్లలు బడికి ఫోన్ తేకూడదని ఆర్డరిచ్చింది, టీచర్లం కూడా క్లాసుకెళ్లే ముందు హెడ్మాస్టర్ దగ్గర పెట్టీమన్నారు. యునెస్కో రిపోర్టు చూసి ఇచ్చిందది. ఒకసారి ధ్యాస పోతే పిల్లడు మళ్లీ పాఠంలో పడడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని ఆ రిపోర్టులో ఉంది, అంటే ఇన్‌స్టాలో ఒక్క మెసేజ్ వస్తే సగం పీరియడ్ పోయినట్టే. అయితే మా హాజరు యాప్‌లోనే, మధ్యాహ్న భోజనం ఫోటోలూ యాప్‌లోనే, కాబట్టి మా చేతిలో ఫోన్ ఉండక తప్పదు, పిల్లలు అది చూసి నవ్వుకుంటారు. వాళ్లేం తక్కువ తినలేదు లెండి. గేటు దగ్గర ఇచ్చీది స్క్రీన్ పగిలిన పాత ఫోను, అసలుది అన్నం క్యారేజీ సంచిలో అడుగున చేతిరుమాల్లో చుట్టి ఉంటాది. పప్పు మరకతో సహా పట్టుకున్నాం.

టెక్కలి అమ్మ:
మాస్టారూ మీరు చెప్పింది నిజమే గానీ మా వైపు సంగతి కూడా చూడండి. తల్లీతండ్రీ చెన్నై, హైదరాబాద్ పనులకెళ్లిపోతే పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతన్న ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ ముసలోళ్లకి ఫోన్ ఎత్తడమే రాదు. సైటు మీద అన్నాలప్పుడే ఖాళీ దొరికేది, అప్పుడే పిల్లకి చేస్తారు. అలాంటోళ్ల ఫోన్ నెలల తరబడి బీరువాలో పెడితే ఎలాగ? మా వాడి స్కూల్లో కీప్యాడ్ ఫోన్‌కి ఒప్పుకున్నారు, రీల్సూ లేవు గొడవా లేదు.

రాజాం కుర్రోడు:
ఢిల్లీ హైకోర్టు 2025లో ఇదే విషయం మీద చెప్పింది, ఫోన్ పూర్తిగా వద్దనడం సరికాదు, కుదరదు కూడా, వీలున్న చోట పొద్దున్న తీసుకుని సాయంత్రం ఇచ్చీమని. పిల్లల సేఫ్టీకి ఫోన్ పనికొస్తాదని కూడా అంది. అది అక్కడి కేసే, మన స్కూలోళ్లు ఖాతరు చేస్తారో లేదో గానీ మీటింగులో అడగడానికి పనికొస్తాది. పరీక్షలయ్యేదాకా ఉంచీస్తామనడం మాత్రం మరీ అన్యాయం, వస్తువు మనది, డబ్బులు మనవి.

బొబ్బిలి వీణ:
మేం చదివినప్పుడు ఫోనుల్లేవు, బస్సు రాకపోతే కాంప్లెక్స్ పక్క కొట్లో రూపాయి కాయిన్ బాక్సు ఉండేది, చేసీవాళ్లం.

టెక్కలి అమ్మ:
ఇప్పుడా కాయిన్ బాక్సు చూపించండి అక్కా, మా వాణ్ణి అక్కడికే పంపిస్తాను 😄

చీపురుపల్లి నాన్న:
కీప్యాడ్ మాట రేపే అడుగుతాను. ఒప్పుకోకపోతే పొద్దున్న ఇచ్చి సాయంత్రం తీసుకునేలా కవరు మీద రోల్ నంబరు రాసి పెట్టమంటాను. పోతే బాధ్యత మాదేనని కాగితం మీద రాసిమ్మంటే ఇస్తారంటారా?

బడి పంతులు:
ఏ స్కూలూ రాసివ్వదండీ. స్టడీ అవర్ చూసే సార్ నంబరూ, గేటు వాచ్‌మన్ నంబరూ తీసుకోండి ముందు, బస్సు తప్పిపోయిన రోజు ఎవరో ఒకళ్లు ఎత్తుతారు. హోంవర్క్ డైరీలో రాయించమని కూడా గట్టిగా అడగండి, ఆ ఒక్కటి మారకపోతే ఇంట్లో ఫోన్ ఎలాగూ పిల్ల చేతిలోనే ఉంటాది.